గోడ నిండితే ఇంటికి

రౌమా,
6 అక్టోబరు 1991

మరిది ఆర్మస్‌కు,

నువ్వు వచ్చి వెళ్ళి నెల దాటింది, ఉత్తరం ముక్క లేదు. కెమి చేరావో, దారిలో ఏ స్టేషన్లోనో కాఫీ తాగుతూ కూర్చుండిపోయావో తెలియదు. చేరావనే అనుకుంటాను. పెళ్ళాం పిల్లలు లేని మగాళ్ళకు ఉత్తరం రాసే తీరిక దొరకదని నాకు తెలుసులే.

మీ అన్న తౌనో ఆసుపత్రిలో అలాగే ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, పక్షవాతం వచ్చిన ఆ ఉదయం పోయినవి పోయినట్టే ఉన్నాయి. భోజనం పెడితే పళ్ళెంలో ఎడమ సగం తిని ఆపేస్తాడు. మొదట్లో ఆకలి లేదనుకున్నాను. తరవాత డాక్టరు చెప్పాడు, కుడివైపు అనేది ఆయన మెదడుకు ఇప్పుడు లేదట. కళ్ళు బాగానే ఉన్నాయి, కానీ అటు ఒక వైపు ఉందన్న సంగతే మరిచిపోయిందట. అందుకని సగం అయ్యాక నేను పళ్ళెం తిప్పి పెడతాను. కొత్తగా వడ్డించాననుకుని మళ్ళీ తింటాడు. బతుకంతా బడిపిల్లలకు వండి పెట్టినదాన్ని, పళ్ళెం తిప్పితే తినేవాడు నాకో లెక్కా.

ఎడమ చెయ్యి మాత్రం ఊరుకోదు. మెలకువగా ఉన్నంతసేపూ వేలెత్తి గాలిలో ఏవో సున్నాలు చుడుతూనే ఉంటుంది. నువ్వూ చూశావుగా. నరాల వణుకని నర్సులు అంటున్నారు.

ఇక అసలు సంగతి. పెద్ద నర్సు సిర్కా నన్ను పక్కకు పిలిచి, "వసంతానికి ఆయన కుర్చీలో సగం పూట కూర్చోగలిగితే ఒకసారి ఇంటికి తీసుకెళ్ళి చూద్దామండీ. అక్కడ తనంతట తాను ఏదైనా చేసుకుంటుంటే, ఇంటికే పంపించేయమని డాక్టరుగారికి నేనే చెప్తాను," అంది. తనంతట తాను చేసుకునే పని తౌనోకి ఏముంటుంది? గ్యారేజీయే. కూర తరగమంటే తరగడు కదా.

అందుకని కారు అమ్మేశాను. చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన కొనుక్కున్నాడు. ఇప్పుడు గ్యారేజీలో చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగడానికి చోటు ఉంది. కానీ సామాను చూస్తే నాకు తల తిరుగుతోంది. గోడ నిండా వేలాడేవి, బల్ల కింద పెట్టెలు, కిటికీలో డబ్బాలు. అన్నీ సర్దాలి. ఒక్క ఎడమ చేత్తో, కూర్చున్నచోట నుంచి అందుకునేలా ఉండాలి. పట్నంలో దుకాణానికి వెళితే సొరుగుల పెట్టె కొనమంటాడు ఒకడు, చిల్లుల రేకు కొట్టించి కొక్కేలు పెట్టుకోమంటాడు ఇంకొకడు. నువ్వు మీ అన్నతో పడవల షెడ్డులో పనిచేసినవాడివి. ఏది కొనాలో రాయి.

నాకు ఇంకేమీ అక్కర్లేదు ఆర్మస్. ఆయన ఇంటికి రావాలి.

హిల్కా


కెమి,
20 అక్టోబరు 1991

వదినకు,

చేరాను. స్టేషన్లో కాఫీ కూడా తాగాను, బాగాలేదు.

సొరుగుల పెట్టె గురించి. దుకాణంవాడు చూపించేది చక్రాల మీద నడిచే ఎర్ర పెట్టె అయి ఉంటుంది. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంటుంది. కానీ మనిషి ఒక చేత్తో సొరుగు లాగితే సొరుగు రాదు, పెట్టె వస్తుంది. కొంటే చక్రాలకు అడ్డం పడే మీట ఉన్నది కొను, లేదా చక్రాలు పీకించు. సొరుగులు లోతుగా ఉండకూడదు. లోతు సొరుగంటే ఒకదాని మీద ఒకటి పడేసుకునే చెత్తబుట్టే. అరచెయ్యి మందం చాలు, అడుగున పాత కంబళి ముక్క పరిస్తే సామాను దొర్లదు.

చిల్లుల రేకు మంచిదే. కొక్కేలు ఎక్కడ కావాలంటే అక్కడికి మార్చుకోవచ్చు. ఒక చిక్కుంది, పనిముట్టు తీస్తుంటే కొక్కెం కూడా ఊడి చేతిలోకి వస్తుంది. కొక్కేనికి అడుగున ఒక మర బిగించు. రోజూ చేతిలో ఉండేవి మోకాలికీ భుజానికీ మధ్యలో రావాలి. ఉలులు మాత్రం కుర్చీ మనిషికి తలపైన పెట్టొద్దు, జారితే ఒళ్ళోకి వస్తాయి. చిత్రికను పక్కకు పడుకోబెట్టు, దాని అలుగు కింద ఆనకూడదు. నీ గ్యారేజీ తేమ నాకు తెలుసు, ఇనుమంతా నూనెగుడ్డతో తుడిచి పెట్టు.

అన్నయ్యకు సొరుగంటే పడదు, అది గుర్తుంచుకో. లాగి చూస్తే గానీ ఉందో లేదో తెలియని సామాను నాకెందుకు అనేవాడు. ఎదురుగా గోడ మీద కనబడాలి. కాబట్టి పెట్టె చిన్నది చాలు.

వదినా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వసంతం అని నర్సు అన్నది మాటవరసకు అన్నదేమో. ముందే అంత పెట్టుకోకు, డబ్బూ, మనసూ.

తుంటి నొప్పి ఇక్కడి చలికి ముదిరింది. మెట్లు దిగడమే కష్టంగా ఉంది, లేకపోతే వచ్చి నేనే కొట్టి పెట్టేవాణ్ణి.

ఆర్మస్


రౌమా,
24 నవంబరు 1991

ఆర్మస్,

డబ్బు సంగతి నేను చూసుకుంటాను, మనసు సంగతి నువ్వు వదిలేయ్.

పని చాలా అయింది. చిన్న చక్రాల పెట్టె కొన్నాను, చిల్లుల రేకు తెప్పించాను. నర్సు సిర్కా మొగుడు వచ్చి ఎడమ గోడకు బిగించి పెట్టాడు. నేను చక్రాల కుర్చీ అరువు తెచ్చుకుని, అందులో కూర్చుని, కుడి చెయ్యి కోటు జేబులో కుక్కుకుని, ఏది ఎక్కడ అందుతుందో చూసుకున్నాను. పక్కింటి ఐలి కిటికీలోంచి చూసి, "హిల్కా, నీకేమైందే?" అని పరుగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదు, సుత్తి అందుకుంటున్నానన్నాను. కాఫీ పెట్టి ఇచ్చి పంపాను. ఇక ఊరంతటికీ నాకు మతి పోయిందని తెలిసిపోయి ఉంటుంది.

కుడివైపు ఏమీ పెట్టలేదు. ఆయనకు లేని వైపు నాకూ వద్దు. అంతా ఎడమకే జరిపాను. వంటింట్లో పొయ్యి చుట్టూ గరిటెలు పెట్టుకున్నట్టే, మొదట సుత్తి, తరవాత స్క్రూడ్రైవర్లు, కత్తెర, చిన్న రంపం. నా వంటింట్లో ఇన్నేళ్ళు ఏ గరిటె కోసమూ నేను వెతుక్కోలేదు.

రెండు చేతులతో పట్టుకునేవన్నీ వేరు చేశాను. పెద్ద రంపం, చిల్లులు పొడిచే బరమా, రెండు పిడుల చెక్కుడు కత్తి. అవి కళ్ళెదురుగా ఉంటే ఆయనకు బాధ తప్ప పనేముంది? చర్చివాళ్ళు పాత సామాను అమ్మే సంతకు ఇచ్చేశాను.

పాత గోడకు తెల్లరంగు వేశాను. బడి వంటింటికి వేసే రంగే, నీళ్ళలో కలిపేది, వాసన ఉండదు. ఆ గోడ నీకు గుర్తుందిగా, ఒక్కో పనిముట్టు చుట్టూ ఊదారంగు పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్నాడు, ఏది ఎక్కడ తగిలించాలో గుర్తుకని. అన్నీ నిలబడ్డ మనిషి ఎత్తులో ఉన్నాయి. కూర్చున్నవాడికి అవెందుకు? పైగా మురికిగా ఉంది. ఇప్పుడు గ్యారేజీ ఆసుపత్రిలా తెల్లగా ఉంది. అలా రాయకూడదేమో. పెళ్ళివారింటిలా ఉందనుకో.

నిన్న ఆయనతో ఇదంతా చెప్పాను. విన్నాడో లేదో. చెయ్యి అలాగే సున్నాలు చుడుతోంది.

హిల్కా


కెమి,
5 డిసెంబరు 1991

వదినా,

గోడకు రంగు వేసేశావా.

చెక్కుడు కత్తి సంతకు ఇచ్చావా. అది మా నాన్న చేతిది. నన్నొక్క మాట అడగలేదు. రెండు చేతుల పనిముట్లు ఇచ్చేయమని నీకు ఎవరు చెప్పారు? అన్నయ్య చచ్చాడా?

ఆర్మస్


రౌమా,
15 డిసెంబరు 1991

ఆర్మస్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పొట్టిది కాబట్టి కష్టం కాలేదు.

కత్తి మీ నాన్నదని నాకు తెలియదు. తెలిస్తే ఇచ్చేదాన్ని కాదు. మర్నాడే సంతకు వెళ్ళి అడిగాను, ఎవరో కొనుక్కుపోయారట.

కానీ ఒక మాట చెప్పు. వసంతం మీద ఆశ పెట్టుకోవద్దని రాసింది నువ్వు. రెండు చేతుల కత్తి ఎందుకిచ్చావని తిడుతున్నదీ నువ్వే. ఆ కత్తి ఎవరు పట్టుకుంటారనుకున్నావు? పోయిన చెయ్యి రాదని డాక్టరు నా ముఖాన చెప్పాడు. నేను విన్నాను, ఇంటికి వచ్చి ఆ ఒక్క చెయ్యి ఉన్న మనిషికి గ్యారేజీ కడుతున్నాను. నువ్వు కెమిలో కూర్చుని రెండు చేతులున్న అన్నను తలుచుకుంటున్నావు. ఇద్దరిలో ఎవరికి ఆశ ఎక్కువో నాకు అర్థం కావడం లేదు.

సెప్టెంబరులో నువ్వు ఆయన మంచం పక్కన కాసేపు కూర్చుని, లేచి వరండాలోకి వెళ్ళిపోయావు. మళ్ళీ లోపలికి రాలేదు. టోపీ తీసుకురమ్మని నన్ను పంపించావు. అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనను. నేను రోజూ వెళ్ళి కూర్చుంటాను, అంతే.

క్రిస్మస్‌కు పళ్ళెం నిండా ముల్లంగి కూర, మాంసం తీసుకెళతాను. తిప్పి తిప్పి తినిపిస్తాను.

హిల్కా


కెమి,
2 జనవరి 1992

వదినకు,

నువ్వన్నది నిజం. కోపంలో ఏదో రాశాను, తీసి పొయ్యిలో పెట్టు.

మరల గురించి నువ్వు అడగలేదు గానీ చెబుతాను. మేకులు, మరలు, చిన్న సీలలు ఇవన్నీ జామ్ సీసాల్లో వేయి. సీసా మూతలను గోడ అర అడుగుభాగాన తలకిందులుగా మేకు కొట్టి బిగించు, ఒక్కో మూతకు రెండు మేకులు, లేకపోతే మూత కూడా తిరుగుతుంది. సీసాను కింద నుంచి మూతలోకి తిప్పి తగిలిస్తే వేలాడుతుంది. తీయాలంటే మూత పట్టుకోనక్కర్లేదు, సీసాను తిప్పితే చాలు, ఒక్క చెయ్యి సరిపోతుంది. లోపల ఏముందో గాజులోంచి కనబడుతుంది. అన్నయ్యకు నచ్చుతుంది.

పనిబల్ల కాళ్ళు కోయించు, కుర్చీ చేతులు బల్ల కిందికి దూరేలా. బల్ల ఎడమ అంచున ఒక చిన్న బిగింపు పెట్టించు. చెక్కను అది పట్టుకుంటుంది, పోయిన చేతికి బదులు.

ఇంకేం రాయను. ఇక్కడ మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాలి. నీ పళ్ళెం సంగతి చదివి నా పళ్ళెం ఒకసారి తిప్పి చూశాను.

ఆర్మస్


రౌమా,
15 మార్చి 1992

ఆర్మస్,

సీసాలన్నీ వేలాడుతున్నాయి. బల్ల కోయించాను. తౌనో కుర్చీలో భోజనం వేళ నుంచి కాఫీ వేళ దాకా కూర్చుంటున్నాడు. మే పండుగ అయ్యాక ఒక మధ్యాహ్నం తీసుకెళ్ళొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. ఈ మాట రాస్తుంటే ఎగిరి గంతేయాలి. అలా లేదు, ఎందుకో చెబుతాను.

మంచు కరగడం మొదలయ్యాక గ్యారేజీ గోడలు చెమ్మగిల్లాయి. తెల్లగోడ మీద ఊదారంగు మరకలు తేలాయి. మళ్ళీ రంగు వేశాను, మళ్ళీ తేలాయి. ఇంకో పూత వేశాను. వారం తిరక్కుండా ఇంకా ముదురుగా వచ్చాయి. సుత్తి, పక్కన ఉలి, ఆ పక్కన మూలమట్టం, మీ అన్న గీసిన గీతలన్నీ వరసగా పైకి వస్తున్నాయి.

నిన్న తడిగుడ్డ తీసుకుని రుద్దాను. సుత్తి గీత మీద, గుడ్డతో, తల చుట్టూ తిరిగి పిడి వెంట కిందికి, మళ్ళీ పైకి. తరవాత ఉలి. సన్నగా కిందికి, మొన దగ్గర అడ్డంగా, పైకి. మూలమట్టం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఆర్మస్, ఆ కదలిక నాకు తెలుసు. ఏడు నెలలుగా రోజూ చూస్తున్నాను. మంచం మీద ఆయన వేలు చేసేది ఇదే. సున్నాలు కావు. ఈ గోడనే, ఇదే వరసలో.

ఈరోజు వెళ్ళి పక్కన కూర్చుని గమనించాను. సుత్తి, ఉలి, మూలమట్టం, ఆకురాయి, చిత్రిక. చిత్రిక సగంలో ఆగుతుంది. అక్కడితో ఆయన ఎడమవైపు అయిపోతుంది కాబోలు. కాసేపు వేలు గాలిలో వెతుక్కుంటుంది. మళ్ళీ సుత్తి దగ్గర మొదలు.

ఆ గోడ మీద నేను మూడు పూతలు వేశాను.

నువ్వు వరండాలోకి ఎందుకు వెళ్ళిపోయావో ఇప్పుడు తెలిసింది. గోడకు రంగు వేసేశావా అని ఎందుకు రాశావో కూడా. నీకు తెలుసు. నాకు తెలియనిది ఇంకా ఏదో నీకు తెలుసు. దాచకు. ఆయన ఎందుకు గీస్తున్నాడు? రాయి.

హిల్కా


కెమి,
22 మార్చి 1992

వదినా,

రాస్తాను.

పడవల షెడ్డులో గోడ ఒకటి ఉండేది, మీ గ్యారేజీలో ఉన్నదానిలాంటిదే. నిజానికి మీ గోడ దానికి నకలు, ఏ పనిముట్టు పక్కన ఏదో అదే వరస. గీతలు కూడా షెడ్డువాళ్ళు ఇచ్చే కాపీయింగ్ పెన్సిలుతోనే గీశాడు. నాలికతో తడిపి గీస్తే ఆ ఊదారంగు చెక్కలోకి దిగిపోతుంది. నీళ్ళ రంగు ఎన్ని పూతలు వేసినా చెమ్మకు పైకి వస్తుంది, దానికి నువ్వేం చేయలేవు.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం పనివాళ్ళంతా టోపీలు పెట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాళ్ళు. గోడ మీద ఒక్క చోటు ఖాళీగా ఉన్నా ఎవరూ కదలడానికి లేదు. ఒక ఉలి పడవ అడుగున మరిచిపోతే మర్నాడు అది నీళ్ళలో ఉంటుంది, లేకపోతే ఎవరి కాలిలోనో ఉంటుంది. గోడ చూడ్డం అన్నయ్య పని. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో గీత వెంట వేలు తిప్పేవాడు, కంటిని నమ్మేవాడు కాదు. సుత్తి ఉంది. ఉలి ఉంది. అలా కుడి చివర తలుపు పక్కన చెక్కుడు కత్తి దాకా. మేం చలికి కాళ్ళు మార్చుకుంటూ, "త్వరగా కానియ్ తౌనో, ఇంట్లో చారు చల్లారిపోతోంది," అని గొణిగేవాళ్ళం. ఆఖరి గీత దాకా వేలు వెళ్ళాక, ఇటు తిరిగి ఒకటే మాట అనేవాడు. "ఇక ఇంటికి."

ఆ మాట అంటే తలుపు తెరుచుకునేది. అన్నయ్య దానికోసమే రోజంతా పనిచేసినట్టు అనేవాడు. మేం వెక్కిరించేవాళ్ళం, హిల్కా దగ్గరికి పరుగు అని.

గ్యారేజీలోనూ అదే చేసేవాడు. నువ్వు వంటింటి కిటికీలోంచి కాఫీకి పిలిస్తే వస్తున్నానంటూ కాసేపటికి గానీ రాడని తిట్టేదానివి. ఆ కాసేపు గోడ చూసుకునేవాడు.

అందుకే సెప్టెంబరులో నేను ఆ వేలు చూసి ఉండలేకపోయాను. ఆయన ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాడు వదినా. గోడ నిండితే వెళ్ళొచ్చు. నిండడం లేదు. సగం దగ్గర గోడ మాయమవుతోంది, మళ్ళీ మొదటికి వెళుతున్నాడు. పొద్దస్తమానం అదే. ఇది నీకెలా చెప్పను? చెబితే నువ్వు చేయగలిగింది ఏముంది?

ఇక ఆ గోడను రుద్దకు, రంగు వేయకు. రేకు విప్పించు. పాత మేకులు పాత చోట్లలో కొట్టించి, మిగిలిన సామాను గీతల మీద తగిలించు. చెక్కుడు కత్తి ఒకటి ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో పంపుతున్నాను. నాది. నాన్నదానికి జోడు, ఒకే కొలిమిలో చేయించినవి, గీతలో సరిపోతుంది. పెద్ద రంపం, బరమా సంతలో పాతవి ఎప్పుడూ దొరుకుతాయి.

దీనివల్ల ఏమైనా అవుతుందని నేను అనడం లేదు. అయినా గోడ నిండుగా ఉండాలి.

ఆర్మస్


రౌమా,
10 మే 1992

ఆర్మస్‌కు,

నీ కత్తి సరిపోయింది. గీతకూ దానికీ వెంట్రుకంత తేడా లేదు.

మంగళవారం తీసుకొచ్చాం. నర్సు సిర్కా కూడా వచ్చింది. ఎండగా ఉంది, గ్యారేజీ తలుపు బార్లా తెరిచి పెట్టాను. అంతా ఎక్కడిదక్కడ ఉంది, ఊదారంగు గీతల మీద, నూనెగుడ్డతో తుడిచి. కుర్చీని గోడకు ఎదురుగా తీసుకొచ్చి నిలబెట్టాను. సిర్కా నా చెయ్యి పట్టుకుంది.

చాలాసేపు అలా చూశాడు. చూశాడో, కళ్ళు అటు ఉన్నాయో. తరవాత వేలు లేచింది. సుత్తి, ఉలి, మూలమట్టం, ఆకురాయి. చిత్రిక సగంలో ఆగింది. కాసేపు వెతుక్కుంది. మళ్ళీ సుత్తి.

అదే ఆర్మస్. ఆసుపత్రిలో ఉన్నట్టే. అసలు గోడ ఎదురుగా ఉన్నా ఆయనకు తేడా తెలియలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, "తౌనో, ఇదే మన ఇల్లు. వచ్చేశావు. చూడు, నీ గోడ," అన్నాను. నా తలమీదుగా గీస్తూనే ఉన్నాడు. తన గ్యారేజీలో కూర్చుని ఇంటికి పోవడానికి గోడ చూసుకుంటున్నాడు.

పళ్ళెం తిప్పినట్టు కుర్చీని తిప్పాను. కుడి సగం ఆయన ఎడమకు వచ్చేలా. ఎదురుగా పెద్ద రంపం, బరమా, నీ కత్తి ఉన్నాయి. అయినా ఆయన గాలిలో సుత్తి దగ్గరే మొదలుపెట్టాడు.

అప్పుడు ఇక ఉండబట్టలేక ఆయన చేతిని పట్టుకున్నాను. కుర్చీ మళ్ళీ తిప్పి, దగ్గరగా జరిపి, ఆయన చేతిని పైకెత్తి వేలిని నిజంగా గోడకు ఆనించి, కుర్చీని జరుపుకుంటూ మొదటి నుంచి తీసుకెళ్ళాను. చిత్రిక దగ్గర చెయ్యి వెనక్కి లాగింది. నేను వదల్లేదు. చిత్రిక మొత్తం, ఆ తరవాత రంపం, పళ్ళ వెంట, పిడి చుట్టూ. బరమా. అటువైపు వెళ్ళేకొద్దీ చెయ్యి బరువెక్కింది, నిద్రపోతున్న పిల్లవాడిని ఎత్తుకున్నట్టు. ఆఖరికి నీ కత్తి, ఒక పిడి, అలుగు, రెండో పిడి. చివరికి వచ్చాం. ఏం చేయాలో తెలియక ఆ మాట అన్నాను. "ఇక ఇంటికి."

గట్టిగా ఊపిరి వదిలాడు. చెయ్యి ఒళ్ళోకి జారింది. సిర్కా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. అందరం కాఫీ తాగాం, యాలకుల బన్ను పెట్టాను. సగం తిన్నాడు. పళ్ళెం తిప్పాను. మిగతా సగం ముట్టుకోలేదు.

టాక్సీ వస్తే గొడవ చేయకుండా వెళ్ళాడు.

ఆ రోజు నుంచి చెయ్యి లేవలేదు. దుప్పటి మీద పెట్టినచోట పెట్టినట్టు ఉంటుంది. నర్సులు సంబరపడుతున్నారు, "మీవారి వణుకు తగ్గిపోయిందండీ, ఎంత హాయిగా పడుకుంటున్నారో," అని. డాక్టరు నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇంటి మాట ఇక ఎత్తవద్దన్నాడు. తనంతట తాను చేసేది ఏదీ మిగల్లేదట. కుర్చీలో కూర్చోబెడితే వాలిపోతున్నాడు. నేను వెళితే ఇటు తిరగడు. ఇంటికి చేరిన మనిషి ఎవరికోసం తలుపు వైపు చూస్తాడు?

ఆ వేలొక్కటే ఆయనకు మిగిలింది. నా దగ్గరికి రావడానికి దాంతో తొమ్మిది నెలలు పోరాడాడు. నేను చెయ్యి పట్టుకుని ఆ పని ముగించి, వెళ్ళమని చెప్పి పంపించాను. నీ తప్పు అనడం లేదు, చెప్పమని అడిగింది నేనే. ఆ మాట ఎవరిని ఎక్కడికి పంపుతుందో మనిద్దరికీ తెలియదు.

చక్రాల పెట్టె దుకాణంవాడు వెనక్కి తీసుకున్నాడు. సీసాలు అలాగే వేలాడుతున్నాయి. నీ కత్తి తిరిగి పంపమంటే పంపుతాను, కానీ అడగవద్దని నా కోరిక.

సాయంత్రం కాఫీ వేళకు గ్యారేజీలోకి వెళ్ళి గోడ చూస్తున్నాను. సుత్తి దగ్గర మొదలుపెట్టి తలుపు పక్కన కత్తి దాకా వేలు పెట్టి చూస్తాను. అన్నీ ఉంటాయి. ఆ మాట మాత్రం అనకుండా తాళం వేసి వస్తాను.

హిల్కా